నాచు మాస్టారి ‘ఇంకోసారి’

నాచు మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే: దేన్నీ ఒక్కసారి కొలిచి ఊరుకోలేరు. దర్జీ నడుముకి టేపు చుట్టి తీస్తే, “ఇంకోసారి చూడు నాయనా, ఊపిరి బిగబట్టానేమో!” అంటారు. ఆయన్ని దూరం నుంచి చూడగానే కూరగాయల కొట్టువాడు తూకం రాళ్లు దాచేసేవాడు. “నాకు జ్వరమొస్తే మూడుసార్లు థర్మామీటరు పెడతారు. మూడోసారికి జ్వరానికే విసుగొచ్చి దిగిపోతుంది” అనేది ఆయన భార్య.

మాస్టారి ఉద్యోగం సరస్సు పరిశోధన కేంద్రంలో. ఒడ్డు దగ్గరి లోతులేని నీళ్లలో, రెల్లు కాడలకీ తామర కాడలకీ జిగటగా పట్టిన నాచు రోజుకెంత ప్రాణవాయువు తయారుచేస్తుందో ఆయన తేల్చాలి. నాచుతో సహా కాడముక్కల్ని కొన్ని మామూలు గాజు సీసాల్లో, కొన్ని నల్లగుడ్డ చుట్టిన సీసాల్లో పెట్టి నీళ్లలో వేలాడదీస్తారు. వెలుతురు తగిలితే నాచు ప్రాణవాయువునిస్తుంది. చీకట్లో పీల్చుకోవడమే తప్ప ఇచ్చేదేం ఉండదు. రెండూ చూస్తే లెక్క తేలుతుంది.

“చూశావా అమ్మాయ్, కాడ పట్టుకు వేలాడే జిగురు కూడా పూటకింత అని పని చేస్తోంది. ముప్ఫై ఏళ్లుగా కుర్చీ పట్టుకు వేలాడుతున్నాను, నా లెక్కే ఏమీ తేలలేదు!” అనేవారు కొత్త సహాయకురాలితో.

ఆమెకి మొదట్లో నవ్వొచ్చేది. పదిరోజుల కొలతలు ముగించి, మూడు రంగుల్లో పటం కూడా గీసుకున్నాక మాత్రం ఏడుపొచ్చింది.

“ఇంకోసారి కొలుద్దాం” అన్నారు మాస్టారు.

“మొత్తమా సార్? ఈ నివేదిక బాగుంటేనే నా ఉద్యోగం ఖాయమవుతుంది!”

“సీసాల నంబర్లు తారుమారు చేసుంటాను. నా చూపు సంగతి తెలుసుగా? మొన్న పిల్లిని దిండనుకుని తల పెట్టుకున్నాను. ఈసారి నల్లగుడ్డలు నేను చుడతాను. ఏదో చేస్తున్నట్టు కనబడాలిగా!”

డైరెక్టరు ఆయన్ని గదిలో నిలబెట్టి చీవాట్లు పెట్టి, పదిహేను రోజుల గడువిచ్చాడు. సహాయకురాలు క్యాంటీన్‌లో అందరికీ చెప్పింది: “నాచు కాడలకి కాదు, ఆయన బుర్రకి పట్టింది!”

మాస్టారు మోకాళ్ల నొప్పులతోనే మళ్లీ పదిరోజులు నడుంలోతు నీళ్లలో దిగారు. నివేదిక భేషుగ్గా ఉందన్నాడు డైరెక్టరు. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

ఆ వార్త చెప్పడానికి రేవుకి పరిగెత్తింది. మాస్టారింకా రాలేదు. పడవ నడిపే పెద్దాయన విని సంతోషించాడు.

“పాపం, చూపు ఆనకపోయినా కష్టపడ్డారు” అంది ఆమె.

“ఎవరికమ్మా ఆననిది? మొదటి లెక్కలయిన రోజు నువ్వు చుట్టిన సీసా ఎండకెత్తి చూశారు. ఒంటి పొర గుడ్డ. లోపలి కాడ నాకే కనబడింది. ‘చీకటి సీసాలో పట్టపగలుందయ్యా, అమ్మాయితో అనకు’ అన్నారు. నీకు ముందున్నవాళ్లకీ ఇలాంటి ‘ఇంకోసారి’లు చాలానే అయ్యాయిలే.”

ఆమె చెవులు వేడెక్కాయి. రెండు పొరలు చుట్టమని ఆయన చెప్పారు. త్వరగా అవుతుందని ఒక్కటి చుట్టింది తానే. నాచు ఎవరి బుర్రకి పట్టిందో క్యాంటీన్‌కి ఇంకోలా చెప్పుకోవాలిప్పుడు.

మాస్టారు వచ్చి పడవెక్కగానే అడిగేసింది. “నా తప్పని నాతోనే చెప్పొచ్చుగా సార్?”

మాస్టారు పెద్దాయన వైపు ఒకసారి గుర్రుగా చూశారు.

“చెబితే ఏడ్చేదానివి. సరస్సులో నీటిమట్టం పెరిగేది. లోతులన్నీ మొదటినుంచి కొలవాలి. నా మోకాళ్లు ఒప్పుకుంటాయా?”

కళ్లనీళ్లు తిరుగుతుండగానే ఆమెకి పకపకా నవ్వొచ్చింది. పడవ అటూ ఇటూ ఊగింది.

“మెల్లిగా నవ్వమ్మా!” అని అరిచాడు పెద్దాయన. “మాస్టారికి ఈత రాదు!”