హ్యారిస్ పార్క్ కాటేజీ గడపలు

1999 ఆగస్టు. సిడ్నీ పశ్చిమాన హ్యారిస్ పార్క్‌లో నూరేళ్ళు దాటిన ఒక చెక్క కాటేజీని బాగుచేసే పని నా చేతికొచ్చింది. హెరిటేజ్ లిస్టులో ఉన్న ఇల్లు. అంటే కొనుక్కున్నది మీరే, రిపేర్లు మీవే, కానీ వీధి తలుపు మార్చాలన్నా, గడప తీయాలన్నా మునిసిపల్ కౌన్సిల్ ఒప్పుకోవాలి. లోపల మాత్రం కొత్త వంటగది, కొత్త బాత్రూం, కంప్యూటర్‌కు విడిగా ఒక గది, ఎన్ని హంగులైనా పెట్టుకోవచ్చు.

నేను నంద్యాలలో సివిల్ డిప్లొమా చేసి, ఇక్కడికొచ్చి వడ్రంగం నేర్చుకుని, బిల్డర్ లైసెన్సు సంపాదించినవాణ్ణి. పాత ఇళ్ళంటే నాకు ఇష్టం. పాత ఇళ్ళు కొనేవాళ్ళంటేనే భయం.

ఈ ఇల్లు కొన్న శ్రీనివాస్‌ది తణుకు. ఒక బ్యాంకులో వై టూ కే పని మీద ఉన్నాడు. కొత్త సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాములన్నీ సరిచెయ్యాలని పగలూ రాత్రీ ఆఫీసులోనే ఉండేవాడు. ఇంటి విషయాలన్నీ భార్య సుజాతే చూసుకునేది. వాళ్ళకు ఎనిమిది నెలల పాప, మేఘన. నేను కొలతలు తీస్తుంటే టేపు కొస పట్టుకుని వదిలేది కాదు.

పాత ఇళ్ళలో మొదట చూడాల్సింది లెడ్ పెయింట్, అంటే సీసం కలిపిన రంగు. కదపకుండా ఉంచితే ప్రమాదం తక్కువ. పొడిగా గీకితే మాత్రం ఆ దుమ్ము విషం, అందులోనూ పాకే పిల్లలకు. అందుకని పాత రంగు జోలికి పోకుండా పైన కొత్త కోటు వేసి మూసేస్తాం. దీన్ని ఎన్‌క్యాప్సులేషన్ అంటారు. ఆ ఇంట్లో గోడలు, కిటికీలు, తలుపులు, గడపలు అన్నీ అలాగే పద్ధతిగా మూశాను. అక్కడితో ఆగినా బాగుండేది.

గృహప్రవేశానికి ముందురోజు మధ్యాహ్నం సుజాత గడప దగ్గర కూర్చుని నన్ను పిలిచింది.

"అన్నయ్యా, ఈ ఎనామిల్ మీద పసుపు నిలవట్లేదండీ. రాస్తుంటే జారిపోతోంది. పొద్దున్నే ముహూర్తం. గడపకి పసుపు లేకుండా ఇంట్లోకెలా వెళ్తామండీ?"

ఆ గడపను మార్చే వీల్లేదు, హెరిటేజ్. రంగును తడిపి, మందు పూసి, ప్లాస్టిక్ పరచి తియ్యాలంటే రెండు రోజుల పని. తెల్లవాడైతే "నో, ఇట్ కాంట్ బి డన్" అని చేతులు దులుపుకునేవాణ్ణి. ఇక్కడ నోరు రాలేదు. పసుపు గడప అంటే ఏమిటో వేరే బిల్డర్‌కు తెలియదు, ఈ బషీర్‌కు తెలుసు అనిపించుకోవాలన్న గొప్ప కూడా ఉంది నాలో. శాండర్ మిషన్ తెచ్చి ముప్పావుగంటలో గడపను వట్టి కర్ర కనబడేదాకా గీకేశాను. సిడ్నీలో అప్పటికింకా చలికాలమే, కిటికీలన్నీ మూసున్నాయి. చీపురుతో ఊడ్చేశాను.

"మిగతా రెండు గడపలూ నిదానంగా మీరే గీక్కోండమ్మా" అని గరుకు కాగితాలు కూడా ఇచ్చి వచ్చాను. ఇంతకన్నా తెలివితక్కువ పని నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు.

మర్నాడు గడప మీద పసుపు బ్రహ్మాండంగా నిలిచింది. నాకు కొత్త చొక్కా పెట్టారు.

డిసెంబరులో ఒక బుధవారం శ్రీనివాస్ ఫోన్ చేశాడు. పాప తినడం లేదు, కడుపు నొప్పితో ఏడుస్తోంది, పాలిపోయింది. పళ్ళొస్తున్నాయేమోనని నెలరోజులు చూశారట. చివరికి రక్తపరీక్ష చేయిస్తే సీసం బయటపడింది.

"బషీర్ గారూ, డాక్టర్ ఇంటి పెయింట్ గురించి అడుగుతున్నారండీ. మీరు ఎక్కడైనా శాండింగ్ చేశారా? జస్ట్ కన్ఫర్మ్ చేద్దామని."

గడప ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. దాన్ని గీకిన సంగతి ఆఫీసులో ఉన్న శ్రీనివాస్‌కు తెలియదు, ఆ గడప రంగులోనూ సీసం ఉంటుందని సుజాతకు నేనెప్పుడూ చెప్పలేదు. "లేదండీ, అంతా మూసేశాను" అన్నాను. లైసెన్సు పోతుందని భయం. నాకూ ఇద్దరు పిల్లలున్నారు, అయినా ఆ మాటే వచ్చింది.

నా మాట నమ్మి డాక్టర్ కాటుకనూ, ఇండియా నుంచి తెచ్చుకున్న సత్తు గిన్నెలనూ అనుమానించింది. వాళ్ళు అవన్నీ పారేసి, పాపతో ఆ ఇంట్లోనే ఉన్నారు. నాకు అన్నం సయించలేదు. నిద్ర అసలే లేదు. శుక్రవారం సాయంత్రం ఇక ఆగలేక వెళ్ళాను.

వెళ్ళేసరికి వంటింటి గడప తడిగా, పచ్చగా ఉంది. పక్కనే నేనిచ్చిన గరుకు కాగితం. మూడు గడపల్లో అదే మిగిలిపోయిందట. ముందురోజు సుజాత దాన్నీ గీకి, ఇందాకే పసుపు రాసింది. మేఘన ఆ పక్కనే కూర్చుని వేళ్ళు చీకుతోంది.

నేను ఆ గడప దాటకుండానే అంతా చెప్పేశాను. శ్రీనివాస్ నన్ను తిట్టబోయి, పాపను ఎత్తుకుని కారు దగ్గరికి పరుగెత్తాడు. ఆ ఇంట్లో మళ్ళీ వాళ్ళు పడుకోలేదు. తర్వాత నేను మాస్కులు, ప్రత్యేకమైన వాక్యూమ్‌లతో మనుషుల్ని పెట్టి ఇల్లంతా శుభ్రం చేయించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

ఆ రెండు రోజుల వల్ల ఎంత నష్టం జరిగిందో ఎవరూ చెప్పలేరని డాక్టర్ అంది. మేఘనకు మాటలు నాలుగో ఏట వచ్చాయి. బడిలో పక్కన ఒక టీచర్ కూర్చుంటే తప్ప చదవలేకపోయేది. నా మీద నేనే లైసెన్సు వాళ్ళకు ఫిర్యాదు రాసుకున్నాను, ఏడాది సస్పెండ్ చేశారు. నా మనసుకు అది చాలలేదు.

పాప ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒకసారి వెళ్ళాను. తప్పంతా నాదేనమ్మా, మీరు బాధపడకండి అన్నాను. 

"గడపకి పసుపు నిలవాలని నేనే అడిగాను అన్నయ్యా. అది నేనూ మొయ్యాలండీ" అంది సుజాత. "మరి బుధవారం ఫోన్లో లేదన్నారు కదా. అలా చెప్పమని మిమ్మల్ని ఎవరడిగారండీ?"

మనవాళ్ళని మొహమాటపడి పద్ధతి తప్పకూడదని నేర్చుకున్నాను. పనిలో పొరపాటు జరిగితే లాయరుకూ కాదు, ఇన్సూరెన్సుకూ కాదు, మొదటి ఫోన్ ఆ ఇంట్లో నిద్రపోయేవాళ్ళకే చెయ్యాలనీ నేర్చుకున్నాను. అప్పటినుంచి అలాగే చేస్తున్నాను. మేఘన విషయంలో మాత్రం రెండు రోజులు ఆలస్యం చేశాను.