శనివారం రెండు గంటలు

మొన్న మావారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, అక్కడిచ్చిన ఫారంలో రోగిని చూసుకునేవారి పేరు రాయమంటే నా పేరు రాశాను గానీ, దాని కిందే ‘మీకు సాయం ఎవరు?’ అని ఇంకో గడి కనిపించేసరికి పెన్ను ఆగిపోయింది. ఆయనకి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది, ఇంతవరకూ నన్నెవరూ ఆ మాట అడగలేదు. వెంటనే, ఈ అమెరికాలోనే చాలా ఏళ్ళ కిందట మేం పార్సిప్పనీ అనే ఊళ్ళో ఉన్నప్పుడు మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే నల్లజాతి ఆవిడ గుర్తొచ్చింది.

ఆవిడ రోజూ సాయంత్రం నర్సమ్మల యూనిఫాంలోనే ఒక ముసలావిడని వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టుకుని పార్కింగ్ చుట్టూ తిప్పేది. అప్పుడే మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయి, పగటిపూట మనిషి కోసం వెతుకుతున్న నేను, ఎదురుపడగానే ఏ ఏజెన్సీ నుంచి వస్తున్నారు, మా ఇంటికి కూడా రాగలరా అని అడిగేశాను. ఆవిడ చిన్నగా నవ్వి, ఈవిడ మా అమ్మ అంది. పగలంతా ఓల్డేజ్ హోములో ఊళ్ళోవాళ్ళ అమ్మలకి చేసి, ఇంటికొచ్చి తన అమ్మకి చేసుకుంటుందట. సిగ్గుతో చచ్చిపోయాను. అమెరికావాళ్ళు తల్లిదండ్రుల్ని హోముల్లో పడేస్తారు, మనమైతే కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటామని వారాంతం భోజనాల దగ్గర గొప్పలు పోయేవాళ్ళలో నేనే ముందుండేదాన్ని. అత్తగారికి చేస్తున్నందుకు నన్ను పొగడని ఇల్లు లేదు, కింది ఇంటావిడని చూస్తే మాత్రం అందరికీ జీతం మనిషే కనిపించేది.

కొన్నాళ్ళకి, అత్తగారు మామూలుగా నడుస్తున్న రోజుల్లో, లాండ్రీ గదిలో ఆవిడ ఒక్కతీ కళ్ళు తుడుచుకుంటూ కనబడింది. రొమ్ములో గడ్డ ఉందని, వెంటనే పరీక్ష చేయించుకోమన్నారని, మూడుసార్లు అపాయింట్‌మెంట్ తీసుకుని మూడుసార్లూ క్యాన్సిల్ చేసిందని తెలిసింది. మతిమరుపు ముదిరిన తల్లిని ఒంటరిగా వదిలితే స్టవ్ వెలిగించేస్తుందట, అడగడానికి మనిషి లేరట. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే అత్తగారు పూర్తిగా వినకుండానే, “నేను కూర్చుంటానని చెప్పు, వెళ్ళి రమ్మను” అన్నారు. ఇంగ్లీషు రెండు ముక్కలు రాని మనిషి! నాకు భయమేసింది, అత్తగారికి వెయ్యలేదు.

ఆ శనివారం చీర మీద స్వెటర్ వేసుకుని, పళ్ళెం నిండా చిక్కుడుకాయలు పట్టుకుని కిందికి దిగారు. నేను తొంగిచూసేసరికి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గింజలు ఒలుస్తున్నారు. ఆ తల్లి చిన్నప్పుడు అమెరికా దక్షిణాదిన పొలాల్లో కాయలు ఒలిచిందట, కూతురి పేరు మరిచిపోయినా వేళ్ళు ఆ పని మరవలేదు. ఆ రెండు గంటల్లో పరీక్ష అయిపోయింది. గడ్డ చెడ్డదే గానీ చిన్నది, సమయానికి తీసేశారు. ఆ తర్వాత ఆ తల్లి దగ్గర కూర్చోడానికి కాంప్లెక్సులో మేం నలుగురు ఆడవాళ్ళం వంతులేసుకున్నాం. గుడ్డు తినని అత్తగారి కోసం ఆవిడ గుడ్డు లేకుండా చిలగడదుంపతో వాళ్ళు చేసుకునే ‘పై’ అనే తీపి వంటకం చేయబోయి రెండుసార్లు పాడుచేసి, మూడోది పట్టుకొచ్చింది. అంత తియ్యటిది నేను మళ్ళీ తినలేదు.

తల్లి పోయాక ఆవిడ అట్లాంటా వెళ్ళిపోయింది, మా అత్తగారూ పోయారు. ఇప్పుడు మేముండే వీధిలో గరాజ్ తలుపులు బటన్‌తో లేస్తాయి, బటన్‌తో పడతాయి, మనిషి మొహం కనబడదు. మా వాట్సాప్ గ్రూపులో రెండొందలమందిమి ఉన్నాం, పుట్టినరోజులకి కేకుల బొమ్మలు పంపుకుంటాం. వాళ్ళని అనడం దేనికి, నేను మాత్రం నోరు తెరిచి ఎవరినడిగాను?

గడి ఖాళీగానే వదిలేసి ఫారం ఇచ్చేశాను. కార్‌లో కూర్చున్నాక ఉండబట్టలేక అట్లాంటాకి ఫోన్ చేశాను. మావారి ఆరోగ్యం గురించి చెప్పుకొస్తుంటే ఆవిడ మధ్యలోనే ఆపి, అదంతా సరే, నీ డాక్టరు అపాయింట్‌మెంట్ ఎప్పుడని అడిగింది. అప్పటికి నేనూ మూడుసార్లు క్యాన్సిల్ చేశాను.