నేను ఎక్కని డబ్లిన్ రైలు

కోతలు కోయడంలో నాకు పేరుంది. సిడ్నీ పడమటి శివార్లలో ఏ తెలుగువాళ్ళ ఇంట్లో బార్బెక్యూ జరిగినా నా కుర్చీ చుట్టూ నలుగురు చేరతారు. కంగారూ తనే వరసలో నిలబడి నా చేత ఇంజెక్షన్ చేయించుకున్న కథ, నవ్వినట్టు కూసే కూకబర్రా పిట్ట గుంటూరు మిరపకాయ కొరికి మూడు రోజులు నవ్వు మానేసిన కథ, అన్నీ నావే. ఎవరూ నమ్మరు, ఎవరూ ఆపరు. నమ్మించడానికి చెప్పిన అబద్ధం మాత్రం ఒక్కటే ఉంది. అది ఐర్లండ్ రైలు కథ.

ఎనభైల చివర్లో నేనూ నా స్నేహితుడూ కార్క్ నగరంలో ఒకే ఆసుపత్రిలో డాక్టర్లుగా పనిచేసేవాళ్ళం. పెద్ద పరీక్ష రాయడానికి ఇద్దరం డబ్లిన్ వెళ్ళాలి. రైల్లో మూడు గంటలు. నా కథలో, ఆ రైలుకు దారిలో ఒక ఆవు అడ్డం పడుకుంటుంది. డ్రైవరు బతిమాలతాడు, గార్డు టోపీ తీసి దండం పెడతాడు, అది కదలదు. అప్పుడు నా స్నేహితుడు దిగి దాని చెవిలో తెలుగులో ఏదో చెబుతాడు. ఆవు సిగ్గుపడి లేచి పక్కకు తప్పుకుంటుంది. రైలంతా చప్పట్లు. ఆయన తిరిగొచ్చి, వాళ్ళావిడ కట్టిచ్చిన రెండు నిమ్మకాయ పులిహోర పొట్లాల్లో తనది తినేసి, నాది కూడా లాక్కుని తింటాడు. కడుపు నిండాక నా భుజం మీద చెయ్యి వేసి, కిటికీకి తల ఆనించి నిద్రపోతాడు. ఆ నిద్రలోనే పోతాడు.

ఆయన పోవడం ఒక్కటే నిజం. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, ఆ రైల్లో గుండె ఆగి పోయాడు. నేను ఆ రైల్లో లేను.

ఆ ఉదయం ఆయన నన్ను తీసుకెళ్ళడానికి నేను అద్దెకున్న ఇంటికి వచ్చాడు. గుమ్మం దాటుతుండగా మా ఇంటి యజమానురాలు తుమ్మింది. ఆ వానల దేశంలో జలుబు లేని మనిషి ఎక్కడుంటాడు? అయినా పరీక్షకు పోతుంటే ఒంటి తుమ్ము! నేను వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగాను.

“ఆవిడ రోజుకి నలభైసార్లు తుమ్ముద్ది. నువ్వు డాక్టరువేనా అసలు?” అన్నాడు.

“ఐదు నిమిషాలు కూర్చోరా. పోయేదేముంది?”

“నువ్వు కూర్చో నాయనా. నేను పోయి సీట్లు పట్టుకుంటా. తిండి సంచి నా దగ్గరే ఉంది, కంగారుపడకు.”

నేను స్టేషన్‌లోకి పరిగెత్తేసరికి రైలు తోక మాత్రం కనబడింది. తర్వాతి రైలెక్కాను. దారిలో ఒక చిన్న స్టేషన్ దగ్గర, చిప్స్ తింటూ, ఖాళీ ప్లాట్‌ఫారం చూసి ‘ఇక్కడ ఎవరు దిగుతారో’ అనుకున్నాను. ఆయన్ని దించింది అక్కడేనని డబ్లిన్ వెళ్ళాక తెలిసింది.

కార్క్ తిరిగొస్తే వాళ్ళావిడ ఒక్కటే అడిగింది. “మీరు పక్కనే ఉన్నారు కదా అన్నయ్యా?”

“ఉన్నానమ్మా” అన్నాను.

తర్వాత ఆమె కూతుర్ని తీసుకుని, సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. కొన్నాళ్ళకు నేనూ సిడ్నీ చేరాను. ఎప్పుడు వాళ్ళింటికి వెళ్ళినా పాపకు ఆ కథే కావాలి. చెప్పిన ప్రతిసారీ ఆవు చేరింది, గార్డు చేరాడు. పులిహోర దగ్గరికి రాగానే ఆమె “టీ పెడతాను” అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. దుఃఖం ఆపుకోలేక వెళ్తోందనుకునేవాణ్ణి.

ఒక శనివారం ముగ్గురం బ్లాక్‌టౌన్‌లో రైలెక్కి విండ్సర్ పార్కుకి బయలుదేరాం. అప్పట్లో దారిలో స్కోఫీల్డ్స్ స్టేషన్ దగ్గర ఇన్ని ఇళ్ళు లేవు, అన్నీ పచ్చిక బీళ్ళే. కంచె పక్కన ఆవులు మేస్తున్నాయి.

“అంకుల్, లుక్, కౌస్! టెల్ మి నాన్నాస్ స్టోరీ!”

మొదలుపెట్టాను. ఆవు పడుకుంది, గార్డు దండం పెట్టాడు. అప్పటికి పాపకు ఏడేళ్ళు. ఉన్నట్టుండి నా వైపు తిరిగి అడిగింది. “వాజ్ హీ స్కేర్డ్, అంకుల్?”

లేదు, నేను పక్కనే ఉన్నానుగా అనాలి. నోరు రాలేదు. పాప కాసేపు చూసి, ఆవుల్ని లెక్కపెట్టడానికి అవతలి కిటికీ దగ్గరికి పోయింది.

“అమ్మా, ఆ రోజు నేను...” అన్నాను ఆమెతో.

“నాలుగో రోజున పోలీసులు సంచి తెచ్చిచ్చారన్నయ్యా” అంది ఆమె, నా వైపు చూడకుండా. “రెండు పొట్లాలూ అట్లాగే ఉన్నాయి. పచ్చిమిరపకాయలు ఎక్కువేసింది మీది. రెండూ బూజు పట్టిపోయాయి.”

“మరి ఇన్నేళ్ళూ అడగలేదేమ్మా?”

“అడిగితే మీరు నిజం చెప్పేస్తారు. అప్పుడు ఆయన ఒక్కడే పోయినట్టు అవుద్ది.”

“నేను ఉండి ఉంటే గుండె మీద నొక్కేవాణ్ణి. ఏదో ఒకటి చేసేవాణ్ణి.”

రైలు ఒక స్టేషన్‌లో ఆగి మళ్ళీ కదిలింది. అప్పుడు ఆమె సంచిలోంచి పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. పులిహోర. రేకు విప్పితే పైనే నాలుగు పచ్చిమిరపకాయలు.

“తినండి. ఇది మీదే.”

పాప పరిగెత్తుకొచ్చి నా మోకాలు పట్టుకుంది. “దెన్? దెన్ వాట్?”

ఆవు లేచిందన్నాను. రైలంతా చప్పట్లు కొట్టిందన్నాను. నాన్న వచ్చి కూర్చుని తన పొట్లం తిన్నాడు, నా పొట్లం మాత్రం నాకే వదిలేశాడన్నాను.

“యూ చేంజ్‌డ్ ఇట్!” అంది పాప.

టీ పెట్టడానికి రైల్లో వంటిల్లు లేదు. ఆమె కదలకుండా వింటోంది. నిద్రపోయే చోటికి వచ్చేసరికి కథ ఆపి పొట్లం రేకు మడతపెట్టసాగాను. పాప ఎదురుచూస్తోంది.

“చెప్పండన్నయ్యా” అంది ఆమె. “మీ భుజం మీద చెయ్యి వేశాడు కదా.”