పొయ్యిలో పెట్టిన చీటీ

ఇది ఎప్పుడో రాయవలసింది. రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. చిన్న ఉత్తరం కావాలన్నా ఎవరిచేతో రాయించుకునేదాన్ని. ఈ సంగతి ఎవరిచేత రాయిస్తాను? యాభై తొమ్మిదో ఏట మనవరాలి పలక మీద అ ఆలు దిద్దాను. అది జరిగి నాలుగేళ్ళయింది. మరి ఈ నాలుగేళ్ళూ ఎందుకు రాయలేదు? దానికి అక్షరాలు కారణం కాదు. భయం.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. అరవై ఎనిమిదో, తొమ్మిదో, ఆ వానాకాలం మా తోడికోడలు పైడమ్మకు తొలి కాన్పు అయింది. రెండు రోజులు నొప్పులు పడి ఆడపిల్లను కన్నది. మా అత్త అప్పటికే మంచం పట్టింది కనుక ఇంటి పెత్తనం నాది. పన్నెండో రోజున సర్కారు ఆసుపత్రి నర్సమ్మ చూడ్డానికి వచ్చింది. పైడమ్మ నిద్రపోతోంది. నర్సమ్మ నన్ను పెరట్లోకి పిలిచి, అక్కడ ఆరబెట్టిన నులక మంచం చూపించింది.

గర్భసంచి ఊరికే నిలబడదట. కింద కండలు మంచం అల్లికలా దాన్ని మోస్తాయట, పక్కల పట్టీలు తాళ్ళలా లాగి పట్టుకుంటాయట. కష్టమైన కాన్పులో అవన్నీ సాగిపోతాయి. తడిసిన నులక మీద కూర్చుంటే కుంగిపోయి మళ్ళీ బిగియదు కదా, ఇదీ అంతే అంది. మూడు నెలలు పైడమ్మ చేత బరువు ఎత్తించవద్దని, నూతిలో చేద కూడా వేయించవద్దని చెప్పింది. మా ఇంట్లో చదువు వచ్చినవాడు మా మరిది ఒక్కడే. మొగుడికి తెలియాలని అతని పేర చీటీ రాసి నా చేతిలో పెట్టింది.

నర్సమ్మకు తెలియని సంగతి ఒకటుంది. నాకు అప్పటికే గర్భసంచి జారి ఉంది. నా రెండో కాన్పయిన పన్నెండో రోజునే మా అత్త నా చేతికి రోకలి ఇచ్చింది. తర్వాత ఒకనాడు, అది జారకుండా లోపల పెట్టుకునే గుడ్డ ఉండ ఉతుక్కుంటుంటే చూసి, "నీకూ జారినాదేటే? నాకు నీ మొగుడు పుట్టినప్పుడే జారినాది" అని నవ్వింది. అంటే ఆమెకు తెలుసు. తెలిసే రోకలి ఇచ్చింది. ఆ నవ్వు నన్ను నొప్పి కన్నా ఎక్కువ బాధ పెట్టింది.

అలాంటిదాన్ని, పైడమ్మకు నేనేం చేయాలి?

వరి నాట్లు మొదలయ్యాయి. ఆమె మూడు నెలలు కూర్చుంటే వరినారు ఆకుకట్టలు, నీళ్ళు, దంపుడు అన్నీ నా మీదే పడతాయి, నా ఒళ్ళు ఇంకా దిగజారుతుంది అనుకున్నాను. అదొక్కటే అయితే ఇన్నేళ్ళు దాచేదాన్ని కాదు. నాకెవరూ చెప్పలేదు, దీనికి మాత్రం ఎందుకు చెప్పాలి అని కూడా అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు కాగితం మీద చూస్తే నాది కాదేమో అనిపిస్తోంది. నాదే.

చీటీని పొయ్యిలో పెట్టాను.

ఇరవై ఒకటో రోజున నూతి గట్టుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, పైడమ్మ చేత చేద వేయించాను. బాలింతరాలు చేద వేసిందంటే ఇక అన్ని పనులకూ దిగినట్టే. మూడు చేదలతో ఆనవాయితీ తీరిపోతుంది. నేను బిందె నిండేదాకా తోడించాను.

ఆ తర్వాత నాలుగో నాడు పైడమ్మ పొలంలో ఆకుకట్ట దించి నడుం పట్టుకుంది. అక్క వరసని నన్ను అప్పా అనేది.

"అప్పా, కిందకేటో జారతన్నట్టు ఉన్నాది."

"కూతుర్ని కంటే రాణీవాసమనుకున్నావేటే? బాలింతరాలికి అలాగే ఉంటాది. నడుం బిగించి కట్టు."

"ఆ నర్సమ్మ నాకేటీ సెప్పలేదా?"

"పిల్లకి పాలు బాగా పట్టమన్నాది. ఇంకేటి సెప్తాది?"

"నువ్వున్నావని దైర్నంగా ఉన్నానప్పా" అని నవ్వి, కట్ట మళ్ళీ ఎత్తుకుంది.

కోతల నాటికి గర్భసంచి బయటికి వచ్చేసింది. కుదురుగా కూర్చోలేకపోయేది. దగ్గితే చీర తడిసేది. మా మరిది మంచం అరుగు మీదికి మార్చుకున్నాడు. పైడమ్మ ఒళ్ళు గట్టిది కాదని ఇంటిల్లిపాదీ అన్నారు. నేనూ అన్నాను. గుడ్డ ఉండ పెట్టుకోవడం ఆమెకు నేర్పింది నేనే. అందుకు నాకు దణ్ణం పెట్టింది.

క్షమించమని అడగను. మా అత్త అడిగి ఉంటే నేను క్షమించేదాన్నా? లేదు. రాసేశాక గుండె మీద నుంచి ఏదో లేచినట్టు మాత్రం ఉంది. అది నాకు తగినదో కాదో తెలియదు.

ఇది రాసిన మర్నాడు ఉదయం, మా మరిది వాళ్ళు వేరు పడి ఉంటున్న పక్కింటికి వెళ్ళాను. పైడమ్మకు ఇప్పటికీ చదువు రాదు. గుమ్మంలో కూర్చుని, కూడబలుక్కుంటూ, మొత్తం చదివి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూనే విన్నది.

"ఇన్నేల్లూ నా ఒల్లే సేతకానిదనుకున్నానప్పా" అంది.

చెయ్యి చాచి కాగితాలు అడిగింది. ఇచ్చాను. మడిచి రొంటిన దోపుకుని, చేట ఒళ్ళోకి లాక్కుంది. నేను ఇంటికి వచ్చి, మొదటి మాట నుంచీ మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. మీరు చదివింది అదే.