డెస్మండ్ గారి రిహార్సళ్ళు

డెస్మండ్ గారు రిహార్సల్ లేకుండా ఏ పనీ చేసేవారు కాదు. పన్ను పీకించుకోవాలంటే ముందురోజే మా వరండాలోకి వచ్చి, పడక కుర్చీలో వెనక్కి వాలి, నా చేతికి వంటింటి పట్టకారు ఇచ్చి, "కానివ్వండి టీచరమ్మా, మీరే డాక్టరు" అని నోరు తెరిచేవారు. వీసా గడువు పొడిగించుకోవడానికి వెళ్ళే ముందు భార్య లమైని బల్ల వెనక కూర్చోబెట్టి, తను గుమ్మంలోంచి వంగి వంగి నమస్కారాలు పెడుతూ లోపలికొచ్చేవారు. ఆమెకి నవ్వొచ్చేది. "ఆఫీసర్లు నవ్వరు లమై! మళ్ళీ మొదటినుంచి!" అని మళ్ళీ గుమ్మం బయటికి పోయేవారు. ఆఖరికి తన అంత్యక్రియలకి కూడా ఒకటి వేద్దామని గుడికెళ్ళి అడిగారట. "దానికి అందరం రోజూ వేస్తూనే ఉన్నాం కదా, మళ్ళీ విడిగా ఎందుకు?" అని పెద్ద భిక్షువు గారు నవ్వి పంపేశారు.

థాయ్‌లాండ్ సరిహద్దు ఊరు నోంగ్‌ఖాయ్‌లో మెకాంగ్ నది ఒడ్డునున్న మా సందులో ఆ "మళ్ళీ మొదటినుంచి" అందరికీ ఊతపదమైపోయింది. పిల్లవాడు మొహం సరిగ్గా కడుక్కోకపోతే తల్లి అదే అనేది. కాఫీలో చక్కెర ఎక్కువైతే బేరగాళ్ళు అదే అనేవారు. కోడి పొద్దున్నే రెండోసారి కూస్తే, డెస్మండ్ గారు చెప్పి ఉంటారని నవ్వుకునేవాళ్ళం.

ఇంగ్లండులో ఉన్నన్నాళ్ళూ ఆయనది బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. నిప్పంటుకుంటే ఎవరు ఏ తలుపులోంచి పరిగెత్తాలో అందరిచేతా సాధన చేయించడం ఆయన పని. ఆయన రిటైరయ్యేదాకా ఆ ఫ్యాక్టరీలో ఒక్కసారి కూడా నిప్పంటుకోలేదు. తన రిహార్సళ్ళకి భయపడే నిప్పు అటువైపు రాలేదని ఆయన గర్వమో, ఇన్నేళ్ళ సాధన చూపించుకునే అవకాశం రాలేదని దిగులో, ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నిట్టూర్చేవారు. రిటైరయ్యాక ఇటు తిరగడానికొచ్చి, ఏటి ఒడ్డున అరటిపళ్ళు కాల్చి అమ్మే లమై దగ్గర రోజూ కొనుక్కుని తిని, చివరికి ఆమెను పెళ్ళాడి, అత్తగారు ఖాం బామ్మతో సహా మా పక్కింట్లో స్థిరపడ్డారు. (పెళ్ళికి కూడా రిహార్సల్ వేశారు. దాన్నే అసలు పెళ్ళనుకుని మా బంధువులు కొందరు భోంచేసి వెళ్ళిపోయారు.) నేను ఇక్కడి బళ్ళో ఇంగ్లీషు చెప్పి మానేసినదాన్ని. పుస్తకాలతో నా గదిలో నేనుండేదాన్ని. డెస్మండ్ గారు వచ్చాక ఏ పుస్తకమూ ఒక్క బిగిన చదవలేకపోయాను.

ఒకరోజు గోడ మీదుగా లమై పిలిచింది. మొహం వాడిపోయి ఉంది.

"టీచరమ్మా, ఆయన అక్క వస్తోంది. హిల్డా గారు."

హిల్డా గారి గురించి నాకూ తెలుసు. తల్లి పోయాక డెస్మండ్ గారిని పెంచింది ఆవిడే. ఆయనకు మిగిలిన ఒక్కగానొక్క మనిషి. ఈ పెళ్ళి సంగతి విని, "ముక్కూ మొహం తెలియని ఊళ్ళో ముక్కూ మొహం తెలియని మనిషినా!" అందట. ఆ తర్వాత ఫోన్లో వర్షాల గురించి తప్ప మాట్లాడలేదు. ఇప్పుడు స్వయంగా చూడ్డానికి వస్తోంది.

"వస్తే మంచిదే కదా లమై?"

"ఆవిడకి నేను నచ్చకపోతే?"

"నచ్చకపోతే ఏం? ఆయనకి నచ్చావుగా."

"ఆయన ఏమీ అనరు. అక్కకీ నాకూ మధ్య నోరు మూసుకుని కూర్చుంటారు. ఆయన మాట్లాడకుండా కూర్చుంటే నేను చూడలేను టీచరమ్మా."

ఆమె భయానికి కారణం ఉంది. అంతకు ముందే పక్క సందులో ఇంకో తెల్ల అల్లుడి తండ్రి వచ్చాడు. పాపం పెద్దాయన, చాపమీద కూర్చోవడం అలవాటు లేక, సరిగ్గా ఇంటి తాతగారి మొహానికెదురుగా కాళ్ళు బార్లా చాపాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఎందుకు నవ్వారో ఆయనకి తెలియలేదు, చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మర్నాడే హోటలుకి మారిపోయాడు. మళ్ళీ ఈ ఊరు రాలేదు.

"భయమెందుకు?" అన్నారు డెస్మండ్ గారు, మీసం దువ్వుకుంటూ. "రిహార్సల్ వేద్దాం."

సందు సందంతా రావలసిందే. టుక్‌టుక్ నడిపే ప్రసోంగ్‌ది టుక్‌టుక్ వాడి వేషం. ఖాం బామ్మది బామ్మ వేషం. నాది పక్కింటి టీచరమ్మ వేషం. హిల్డా వేషం మాత్రం ఆయనే కట్టారు. లమై గడ్డిటోపీ, మెడకి పువ్వుల స్కార్ఫు, మోచేతికి సంచీ. పెట్టెనిండా ఇటుకలు. "మా అక్క బరువు లేనిదే ప్రయాణం చెయ్యదు" అన్నారు. ఆ వేషంతోనే ప్రసోంగ్ ఆయన్ని రైల్వే స్టేషను నుంచి బజారు మీదుగా తీసుకొచ్చాడు. కూరగాయల వాళ్ళు లేచి నిలబడి చూశారు.

"ఓహో! ఇదేనా నా మరదలు!" అని సన్నటి గొంతుతో అరుస్తూ ఆయన బూట్లతోనే ఇంట్లోకి వచ్చి, చాప తొక్కుకుంటూ వెళ్ళి, ఖాం బామ్మ తలమీద చెయ్యి వేసి జుట్టు చెరిపేశారు. "ఎంత ముద్దొస్తోందో ఈ ముసలావిడ!"

బామ్మ నోట్లో ఆకూవక్కా మింగేసినంత పనైంది. "ఇదిగో అల్లుడూ, చెయ్యి తియ్! మా అమ్మ తర్వాత నా నెత్తిమీద చెయ్యేసినవాడు లేడు!"

"నేను అల్లుణ్ణి కాదండీ, హిల్డాని."

"అయితే హిల్డా, నీకు మీసాలున్నాయి."

ఆయన ఆ మాట వినిపించుకోలేదు. చాపమీద కూలబడి బామ్మకేసి రెండు కాళ్ళూ బారజాపారు. మేజోడుకి చిల్లు. అందులోంచి బొటనవేలు బామ్మ కళ్ళలోకే చూస్తోంది. లమై చేతిలో పళ్ళెం కిందపడింది.

"పళ్ళెం బాగుంది, అలాగే ఉంచుదాం. టీచరమ్మా, ఇప్పుడు మీరు."

నేను ముందుకొచ్చి, "నమస్కారమండీ, నేను పక్కింట్లో ఉంటాను" అన్నాను.

"టీచరమ్మా, మీరు మీలా లేరు."

"నేను నేనే కదండీ!"

"నమ్మకం కలగడం లేదు. మళ్ళీ మొదటినుంచి!"

ఇటుకల పెట్టెతో సహా మళ్ళీ స్టేషనుకి. ప్రతిసారీ హిల్డా మరింత ఘోరంగా తయారయ్యేది. జిగురన్నాన్ని ఫోర్కుతో పొడిచి, అది ఊడి రాక ముద్దనంతా గాల్లోకి ఎత్తేది. పెద్దలు ఆశీర్వదించి మణికట్టుకి తెల్లదారాలు కడితే, "చాలా బాగున్నాయి, ఏదీ కత్తెర?" అనేది. పులియబెట్టిన చేప వాసన చూసి ప్రసోంగ్ భుజంమీదికి మూర్ఛపోయేది. సందులో జనం కడుపులు పట్టుకుని దొర్లేవారు. నేను మాత్రం ఎన్నిసార్లు వేసినా నాలా ఉండలేకపోయాను.

ఒకసారి విసుగొచ్చి అడిగాను. "ఇంత గొడవెందుకండీ? బూట్లు విప్పు, తల ముట్టుకోకు, కాళ్ళు చాపకు అని ఆవిడకే ఫోన్లో చెప్పేస్తే పోదా?"

"చెబితే భయపడుతుంది. భయపడితే గట్టిగా మాట్లాడుతుంది. హిల్డా గట్టిగా మాట్లాడితే ఎలా ఉంటుందో మీరెరగరు." టోపీ సర్దుకున్నారు. "రిహార్సల్ ఆవిడకి కాదు టీచరమ్మా. మీకు."

పెద్దాయనకి చాదస్తం ముదిరిందనుకున్నాను.

చివరి రిహార్సల్‌కి ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన కాళ్ళు చాపితే బామ్మ ఆవలించింది. లమై ఏదో ఆలోచిస్తూనే ఆ కాళ్ళమీద పాత లుంగీగుడ్డ కప్పి, నడుం వెనక దిండు దోపి, "అక్కా, పులుసు ఇంకొంచెం వెయ్యనా?" అంది. డెస్మండ్ గారు ఆమెకేసి కాసేపు చూసి టోపీ తీసేశారు. మళ్ళీ మొదటినుంచి అనలేదు. "అయిపోయింది" అన్నారు.

అసలు హిల్డా గారు దిగారు. పొడుగ్గా, సన్నగా, మీసాలు లేకుండా. చేతిలో చిన్న గుడ్డసంచీ ఒక్కటే. ఇటుకలకి అలవాటుపడ్డ ప్రసోంగ్ బలమంతా పెట్టి ఆ సంచీ ఎత్తి, దాంతోపాటు వెల్లకిలా టుక్‌టుక్‌లోకి పడ్డాడు.

ఆవిడ బూట్లతోనే లోపలికొచ్చింది. ఎవరూ గమనించనే లేదు. బామ్మ దగ్గరికెళ్ళి ఆప్యాయంగా తలమీద చెయ్యి వెయ్యబోయింది. బామ్మ అలవాటుకొద్దీ, అందుబాటులో ఉండేట్టు తల వంచింది. తర్వాత ఆవిడ మోకాళ్ళు పటపటలాడించుకుంటూ చాపమీద కూర్చుని, నిట్టూర్చి, బామ్మకేసి కాళ్ళు చాపింది. ఒక్క ఊపిరి ఆగలేదు. లమై వెళ్ళి గుడ్డ కప్పి, దిండు దోపింది. "ఇలా అయితే మోకాళ్ళకి హాయిగా ఉంటుందక్కా."

నేను ఇంగ్లీషులో చెప్పాను. హిల్డా గారు ఆశ్చర్యపోయింది. "నా మోకాళ్ళ సంగతి ఈ పిల్లకెలా తెలిసింది?"

మూల నిలబడ్డ డెస్మండ్ గారు అందరి మాటలకీ పెదవులు కదుపుతున్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

అంతా గట్టెక్కినట్టే ఉంది. అప్పుడు ఖాం బామ్మ నోరు విప్పింది.

"అల్లుడి వేషం కంటే ఈవిడే నయం. మేజోళ్ళకి చిల్లుల్లేవు."

అన్నాళ్ళనుంచీ నవ్వి నవ్వి ఇక నవ్వు లేదనుకున్నవాళ్ళందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. హిల్డా గారి మొహం చెవులదాకా ఎర్రబడింది. కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఎందుకు నవ్వుతున్నారు? ఆవిడేమంది?" గొంతు పెరిగింది.

అందరూ నాకేసి చూశారు.

"ఏం లేదండీ," అన్నాను. "ఎండలు... ఈ ఏడు ఎండలెక్కువని..."

"టీచరమ్మా," మూలనుంచి మూలుగు వినిపించింది, "మీరు మీలా లేరు."

అబద్ధమాడ్డం నాకు ఏ వేషంలోనూ రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. టోపీ, స్కార్ఫు, ఇటుకలు, బామ్మ జుట్టు, కత్తెర, మూర్ఛ, బొటనవేలు, అన్నీ.

హిల్డా గారు తమ్ముడికేసి తిరిగింది. "లేచి ఇలా రా, డెస్."

ఆయన బడిపిల్లాడిలా వచ్చి నిలబడ్డారు.

"ఆ టోపీ ఏది?"

లమై తెచ్చి ఇచ్చింది. హిల్డా గారు దాన్ని ఆయన నెత్తిన పెట్టి, ఒక పక్కకి వంచి, కళ్ళు చిట్లించి చూసింది. "ఊఁ. నా గొంతు చెయ్యి."

"ఓహో," అన్నారు డెస్మండ్ గారు చచ్చీచెడీ, "ఇదేనా నా మరదలు..."

ఆవిడ నవ్వు ఎంత గట్టిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఏటి అవతల లావోస్‌లో కుక్కలు మొరిగి ఉంటాయి. నవ్వి, కళ్ళు తుడుచుకుని, నాతో అంది:

"వీడు చిన్నప్పుడు ప్రతిదానికీ భయపడేవాడండీ. బళ్ళో వెయ్యబోయే ముందు రోజు నేను మా వంటింట్లోనే బడి పెట్టాను. కొత్త పిల్లాణ్ణి నేనే. సుద్దముక్క తిన్నాను. టీచర్ని అమ్మా అని పిలిచాను. మంచినీళ్ళు ఒంపుకుని నిక్కరు తడిపేసుకున్నానని ఏడ్చాను. వీడు నవ్వి నవ్వి బల్లకింద పడ్డాడు. మర్నాడు బళ్ళో ఎవరో పిల్లాడు నిజంగానే నిక్కరు తడుపుకున్నాడట. క్లాసంతా నవ్వింది, వీడు నవ్వలేదు. వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు. నవ్వడమంతా మా వంటింట్లోనే అయిపోయింది కదా."

ఇదంతా మా భాషలో చెబుతూ ఒకటి రెండుచోట్ల తడబడ్డాను. ఎవరూ మళ్ళీ మొదటినుంచి అనలేదు.

హిల్డా గారు లమై చెయ్యి పట్టుకుంది. "విమానంలో వస్తున్నంతసేపూ ఏం తప్పు చేస్తానో అని చచ్చిపోయానమ్మా. నా తప్పులన్నీ వీడు ముందే చేసేశాడా?"

"అన్నీ అక్కా," అంది లమై. "మీకు ఒక్కటీ మిగల్చలేదు."

అనుకున్నదానికంటే చాలా రోజులే ఉంది హిల్డా గారు. అరటిపళ్ళు కాల్చడం నేర్చుకుంది. బామ్మతో కలిసి ఆకూవక్కా నమిలి, పళ్ళెర్రబడ్డాయని అద్దం ముందు మురిసిపోయింది. ఇద్దరికీ ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేకపోయినా, గంటలకొద్దీ డెస్మండ్ గారిని తిట్టుకునేవారు.

వెళ్ళే రోజు దగ్గరపడగానే, "దీనికీ రిహార్సల్ వెయ్యాలి" అంది ఆవిడ.

"దీనికి వద్దు," అన్నారు డెస్మండ్ గారు. ఆయన నోట ఆ మాట అంతకు ముందు మేమెవరమూ వినలేదు.

"వెయ్యాల్సిందే."

వరండాలో బెంచీ రైలైంది. బామ్మ ఈల ఊదే గార్డు. హిల్డా గారు ప్రసోంగ్ మెడ పట్టుకుని బావురుమంది, రైలు తప్పిపోయింది, వేరే రైలెక్కింది, ఎక్కినదాన్నుంచి కిందపడింది. మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. డెస్మండ్ గారు కూడా, చివరికి.

అందుకే అసలు రోజున స్టేషనులో అందరం బుద్ధిగా ఉన్నాం. ఎవరి కళ్ళూ తడవలేదు. నేను "వెళ్ళి రండి" అన్నాను, అచ్చు నాలాగే అన్నాను. రైలు కదిలింది. ఇంత సాధన చేయించిన మనిషి, డెస్మండ్ గారు, ఉన్నట్టుండి మీసం తడిసిపోయేలా ఏడ్చేశారు.

కిటికీలోంచి తెల్లదారాల చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

"డెస్! మనం అనుకున్నది ఇలా కాదు!" అని ఇంగ్లీషులో అరిచింది హిల్డా గారు. తర్వాత మా భాషలో, అన్నాళ్ళలో ఆవిడ నేర్చుకున్న ఒక్క ముక్కా, స్టేషను దద్దరిల్లేలా: "మళ్ళీ మొదటినుంచి!"

ఆ సాయంత్రం గోడ మీదుగా తొంగిచూశాను. డెస్మండ్ గారు పెరట్లో కూర్చుని పెట్టెలో ఇటుకలు సర్దుతున్నారు.