తూర్పు గట్టు నాగజెముడు

ఆమె తిరుపతి కాలేజీలో చెట్ల గురించి పాఠం చెప్పే మేడం. పూతలపట్టు దగ్గర మా చేనికి కంచెగా ఉన్న నాగజెముడు మట్టలు కోసుకుపోవడానికి వచ్చింది. "అంతా ఒకటే జాతి కదమ్మా" అని ఎవరన్నా అంటే, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, మట్టను కంటికి దగ్గరగా పట్టుకుని "నేను నమ్మను" అనేది. మెల్లగానే అనేది. వినేవాళ్లకు మాత్రం తమనే అన్నట్టు ఉండేది.

మా నాయనకు ఆమె పొడ గిట్టలేదు. "ముండ్ల చెట్టు కోసరం తిరపతి నుంచి ఎవురొస్తారు? సర్వే మనిషే. గట్లు సూసుకుంటా ఉండాది" అన్నాడు నాతో. నేనూ ఆమె సంచీ మీద ఒక కన్నేసి ఉంచాను.

నెల తర్వాత మళ్లీ వచ్చింది. మట్టల పైపొర ఒలిచి మైక్రోస్కోపు కింద చూసిందట.

"మూడు పక్కల కంచె ఒక జాతి. తూర్పు గట్టుది వేరే. లోపలి కణాలు, స్ఫటికాలు కలవడం లేదు. ఒకే మూలం నుంచి ఎప్పుడో చీలిపోయిన దాయాదులు. దీన్ని ఎవరు నాటారు?" అని అడిగింది.

తూర్పున ఉన్న చేను నాయన తమ్ముడిది. చిన్నాయన అక్కడే నిలబడి వింటున్నాడు.

"నాలుగు పక్కలా మా తాత నాటిందేమ్మా" అన్నాడు నాయన.

ఆమె కళ్లద్దాలు నుదుటి మీదికి తోసింది. మట్టను చూసినట్టే నాయన ముఖాన్ని చూసింది. ఎప్పుడూ అనే మాట ఈసారి పైకి అనలేదు.

చిన్నాయన బెంగళూరులో కూలికి ఉన్న రెండేళ్లలో ఆ గట్టును ఆయన చేలోకి జరిపాం. పలమనేరు రోడ్డు పక్క నుంచి మట్టలు తెచ్చి నాటాం. గంప మోసింది నేనే.