నవ్వుని పట్టే కెమెరా, నవ్వని మా బావ

మా బావ కర్టెన్ల కొట్లో సేల్స్‌మన్. పాతికేళ్లుగా అదే కౌంటరు, మెడలో అదే కొలత టేపు. కొట్లోకి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్తే ఆయనకి ఆ పూట అన్నం సహించదు. కిటికీ లేని గదికి కూడా కర్టెను అంటగట్టగల ఘనుడు. అలాంటి మనిషి ఫొటోకి నిలబడితే మాత్రం ఆముదం తాగిన మొహం పెడతాడు. పెళ్లి ఫొటోల్లో చూడాలి ఆయన్ని! పెళ్లికొడుకులా ఉండడు, పట్టుబడ్డ దొంగలా ఉంటాడు.

మా అక్కకి అదే దిగులు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన నవ్వుతున్న ఫొటో ఒక్కటీ లేదు. ఆ వేసవిలో మొదటిసారి సముద్రం చూడ్డానికి బయల్దేరుతున్నాం. ఫోన్లలో ఫొటోలు మసకమసగ్గా వచ్చే రోజులవి.

"చిన్న కెమెరా ఒకటి కొందామండీ. మీరు నవ్వే ఫొటో ఒక్కటి వస్తే చాలు, ఇంకేం అడగను" అంది అక్క. నవ్వుతూనే అంది గానీ, నాకు జాలేసింది.

"ముందు ఖరీదైంది చూపిస్తారు, మనం బెదిరాక మధ్యరకం తీస్తారు. నేను రోజూ చేసేది అదేగా" అని దారి పొడుగునా బావ నాకు పాఠం చెప్పాడు. కెమెరా షాపు అమ్మాయి అచ్చం అలాగే చేసింది. బావ గర్వంగా నాకేసి చూశాడు.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. కెమెరా తాడుని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. పౌచ్ తిరగేసి కుట్లు లాగాడు. ఆ అమ్మాయి జూమ్ గురించి చెబుతుంటే, "అదలా ఉంచమ్మా, రంగు గ్యారంటీయేనా?" అన్నాడు.

"బావా, అది కెమెరా. దుప్పటి కాదు."

"నీకేం తెలీదు, ఊరుకో!"

చివరికి అరచేతిలో ఇమిడే బూడిదరంగు కెమెరా ఒకటి తేలింది. మేం అనుకున్న డబ్బుకే వస్తోంది, చొక్కా జేబులో పడుతుంది. "ఇంకో సంగతుంది మేడమ్. ఈ బటన్ ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు, ఎదుటివాళ్లు నవ్వగానే దానంతటదే ఫొటో తీస్తుంది" అంది అమ్మాయి.

అక్క మొహం చేటంత అయింది. "ఏమండీ, ఒక్కసారి నవ్వండి!"

బావ పళ్లన్నీ బయటపెట్టాడు. కెమెరా ఉలకలేదు. పెదాలు చెవులదాకా సాగదీశాడు. ఊహూఁ. కనుబొమలు కూడా ఎగరేశాడు. పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టుందే తప్ప నవ్వులా లేదు. "ఇది పాడైపోయినట్టుందమ్మా" అన్నాడు. అమ్మాయి దాన్ని నా వైపు తిప్పింది. నేనప్పటికే పొట్ట పట్టుకుని నవ్వుతున్నానేమో, టక్కున తీసేసింది.

అక్క మాత్రం నవ్వలేదు. "వద్దులెండి. మనకెందుకు కెమెరా" అంటూ సంచి భుజాన వేసుకుంది. నాకు బావమీద ఒళ్లు మండింది.

అంతలో పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ, "అబ్బే, ఇంత చిన్నది నాకొద్దు" అని లేచింది. అమ్మాయి "సరే మేడమ్" అనేసింది. సరుకు చూసిన మనిషి ఊరికే వెళ్లిపోతుంటే బావ ప్రాణం ఆగుతుందా? అది తన కొట్టు కాదన్న సంగతే మర్చిపోయాడు.

"కూర్చోండమ్మా, కూర్చోండి! చూస్తే డబ్బులా? చిన్నదంటారేంటి, మీ చేతికెంత ముద్దుగా ఉందో చూడండి! మీ మనవరాలి చేతికిస్తే మళ్లీ మీకు ఇస్తుందా?"

కౌంటరు మీద బావ వైపు తిరిగి ఉన్న మా కెమెరా టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. పెద్దావిడ కొనేలోగా పదకొండు ఫొటోలు. తెరమీద మా బావ, బుగ్గలు పొంగి, కళ్లు మెరిసిపోతూ! "ఏదీ, ఏదీ?" అంటూ వంగి చూశాడో లేదో, మళ్లీ ఆముదం మొహం.

కొన్నాం. మాకు పెట్టెలోంచి కొత్తది ఇచ్చారు. పదకొండు నవ్వులూ షాపులోని కెమెరాలోనే ఉండిపోయాయి. "దారినపోయే ఆవిడకిచ్చిన నవ్వు నాకివ్వడానికేమే మీ బావకి?" అంది అక్క బస్సులో, నాకు మాత్రమే వినబడేలా.

సముద్రం దగ్గర మూడు రోజులు కెమెరా నోరు మెదపలేదు. నాలుగో రోజు సాయంత్రం అక్క దాన్ని గట్టుమీద పెట్టి, ఆ బటన్ నొక్కి, బావ ముందు ఓ రాతిమీద కూర్చుంది. చెయ్యెత్తి సముద్రాన్ని చూపించింది.

"ఏమండీ, ఈ నీలంది కాస్త చూపిస్తారా?"

బావ తెల్లమొహం వేశాడు. తర్వాత ఆయన చేతులు వాటంతటవే చాచుకున్నాయి.

"మంచిది పట్టారమ్మా! ఎన్నేళ్లు ఎండలో ఉన్నా వెలవదు. పన్నా అంటారా, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా మీకెంత కావాలంటే అంత. చివర తెల్ల లేసు ఉచితం!"

టిక్.

"నలుగుతుందేమోనండీ?"

"నలిగితే దానంతటదే సర్దుకుంటుంది, ఇస్త్రీతో పన్లేదు."

టిక్. టిక్.

"ఇంకో రంగు లేదా?" అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

"ఎందుకు లేదమ్మా!" అన్నాడు బావ, పొద్దు వాలుతున్న వైపు చెయ్యి చాపి. "కాసేపు కూర్చోండి, మీకోసమే లోపల్నుంచి ఎర్రది తెప్పిస్తున్నా."